నలుగురూ కలిసి రాసే కోడ్

*సాఫ్ట్‌వేర్ బృందాలు వాడే పనిముట్లు ఏడాదిగా వేగంగా మారిపోతున్నాయి. కోడ్ రాసే పనిలోకి యంత్రం వచ్చింది. దాన్ని చదివి, సరిచూసి, బాధ్యత తీసుకునే పని మనుషులకు మిగిలింది. వరంగల్ కాలేజీల నుంచి ఏటా బయటికొచ్చే ఇంజినీర్లకు ఈ మార్పు ఏం చెబుతోంది?*

మార్చి వచ్చిందంటే సుబేదారి చుట్టుపక్కల అద్దె గదుల్లో, హాస్టళ్లలో రాత్రి రెండింటికి కూడా లైట్లు ఆరవు. ఇంజినీరింగ్, ఎంసీఏ చివరి ఏడాది విద్యార్థులకు ప్రాజెక్టు గడువు ముంచుకొచ్చే నెల అది. నలుగురు కలిస్తే ఒక బ్యాచ్. లాగిన్ పేజీ ఒకరిది, డేటాబేస్ ఒకరిది, రిపోర్టు ఒకరిది, మిగిలిందంతా ఇంకొకరిది. కోడ్ మొత్తం జిప్ ఫైలుగా మారి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటుంది. మొదట ‘ఫైనల్’, తర్వాత ‘ఫైనల్ 2’, ఆ తర్వాత ‘ఇదే అసలు ఫైనల్’. ఒకరు సాయంత్రమంతా కూర్చుని సరిచేసిన ఫైలు మీద ఇంకొకరు పాత ఫైలు ఎక్కించేస్తారు. రాత్రి నడిచిన ప్రోగ్రాం పొద్దున డెమో ముందు మొరాయిస్తుంది. ‘‘నా సిస్టంల మంచిగనే నడిచింది గదరా’’ అని ఒకరంటే, ‘‘మరి దీన్ని ఎవరు ముట్టుకున్నరు?’’ అని మరొకరు నిలదీస్తారు. ఎవరు ముట్టుకున్నారో తేల్చే ఆధారం ఆ గదిలో ఎక్కడా ఉండదు.

ఆ ఆధారాన్ని భద్రపరిచే పనిముట్లు మాత్రం ప్రపంచంలో యాభై ఏళ్లుగా ఉన్నాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ 1972లో తయారుచేసిన ఎస్‌సీసీఎస్‌తో ఆ వరస మొదలైంది. ఇప్పుడది గిట్, గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, జిరా, అజూర్ డెవ్‌ఆప్స్ వంటి పేర్లతో ప్రతి ఐటీ కంపెనీలోనూ రోజువారీ పనిగా మారింది. కొత్తగా చేరిన ఉద్యోగి మొదటి రోజే తెరవాల్సినవి ఇవే. కాలేజీలో నాలుగేళ్లు కోడ్ రాసినవాళ్లు కూడా ఇక్కడే తడబడుతున్నారు. ప్రోగ్రామింగ్ రాక కాదు, నలుగురితో కలిసి ప్రోగ్రామింగ్ చేసిన అలవాటు లేక.

నోట్ ఫైలు నేర్పిన పాఠం

నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన సుబేదార్ కొలువుండటం వల్ల ఈ ప్రాంతానికి సుబేదారి అనే పేరు వచ్చింది. ఆనాటి నుంచీ ఇది కాగితాల పేట. కొత్త సమీకృత కలెక్టరేట్ 2021 జూన్‌లో ఇక్కడే ప్రారంభమైంది. అదే ఏడాది వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లాగా మారింది. కాకతీయ విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ కూడా ఈ పేటలోనే ఉంది.

గిట్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే కలెక్టరేట్‌లో నడిచే నోట్ ఫైలును చూస్తే చాలు. కింది గుమాస్తా విషయం రాసి సంతకం పెడతాడు. సూపరింటెండెంట్ దాని కింద తన అభిప్రాయం రాస్తాడు. పై అధికారి మరో మాట చేర్చి తేదీ వేస్తాడు. ఎవరూ పై నోటును చెరపరు. కిందనే కొత్త నోటు రాస్తారు. పదేళ్ల తర్వాత ఫైలు తెరిచినా, ఏ నిర్ణయం ఎవరిదో, ఏ రోజుదో, ఎందుకు తీసుకున్నారో అందులో దొరుకుతుంది. గిట్‌లో ప్రతి ‘కమిట్’ అటువంటి నోటే. ఏ ఫైలులో ఏ వరస మారింది, ఎవరు మార్చారు, ఏ కారణంతో మార్చారు అన్నది అందులో నిలిచిపోతుంది. తప్పు జరిగితే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లవచ్చు. ఇద్దరు ఒకే వరసను రెండు రకాలుగా మారిస్తే, ఏది ఉంచాలో తేల్చమని గిట్ ఆగి అడుగుతుంది. అదే ‘మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్’. కొత్తవాళ్లు దాన్ని చూసి బెదిరిపోతారు గానీ, ఒకరి పనిని ఒకరు తెలియకుండా తొక్కేయకుండా కాపాడేది అదే.

నాలుగు రోజుల్లో నిలబడ్డ గిట్

ఈ పనిముట్టు పుట్టుకలోనూ ఒక తగాదా ఉంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం కోసం వేలాదిమంది పంపే కోడ్‌ను కలపడానికి లినస్ టోర్వాల్డ్స్ బృందం ‘బిట్‌కీపర్’ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేది. దాని పనితీరును బయటినుంచి ఛేదించే ప్రయత్నం జరిగిందన్న వివాదంతో 2005లో ఆ కంపెనీ ఉచిత అనుమతిని ఉపసంహరించుకుంది. లినక్స్ పని ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఏప్రిల్ 3న టోర్వాల్డ్స్ సొంత పనిముట్టు రాయడానికి కూర్చున్నారు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన సొంత కోడ్‌ను తనలోనే దాచుకునే స్థాయికి వచ్చింది. జూన్‌లో వచ్చిన లినక్స్ కెర్నల్‌ను గిట్‌తోనే విడుదల చేశారు. జూలైలో దాని బాధ్యతను జునియో హమానో చేతిలో పెట్టి టోర్వాల్డ్స్ పక్కకు తప్పుకున్నారు. అప్పటి నుంచి హమానోయే దాన్ని చూసుకుంటున్నారు. గిట్‌కు 2025 ఏప్రిల్‌లో ఇరవై ఏళ్లు నిండాయి.

గిట్‌ను మామూలు ప్రోగ్రామర్ల చేతిలోకి తెచ్చింది 2008లో మొదలైన గిట్‌హబ్. ‘నా మార్పు ఇదీ, చూసి కలపండి’ అని అడిగే ‘పుల్ రిక్వెస్ట్’ పద్ధతిని అందరికీ అలవాటు చేసింది అదే. మైక్రోసాఫ్ట్ 2018లో 750 కోట్ల డాలర్ల విలువైన షేర్లతో దాన్ని కొనుగోలు చేసింది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సీఈవోగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం అది. హైదరాబాద్‌లో 1998 నుంచి ఉన్న మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఇంజినీర్లకు ఆ కంపెనీకే చెందిన ఇలాంటి వేదిక అజూర్ డెవ్‌ఆప్స్ తయారీలోనూ చెయ్యి ఉంది. ఈ పనిముట్లను తెలుగువాళ్లు వాడుతున్నారు, తయారీలోనూ పాలుపంచుకుంటున్నారు.

> ఏది దేనికి?
>
> గిట్: కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ చరిత్రతో సహా దాచేది. ఉచితం.
>
> గిట్‌హబ్, గిట్‌ల్యాబ్: ఆ కోడ్‌ను నలుగురూ పంచుకుని, చర్చించి, కలిపే వేదికలు. గిట్‌ల్యాబ్ ఉచిత వెర్షన్‌ను సొంత సర్వర్‌లోనూ పెట్టుకోవచ్చు.
>
> జిరా: ఏ పని ఎవరిది, ఎంతవరకు వచ్చింది అన్నది ‘టికెట్ల’ రూపంలో చూపేది. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ 2002లో విడుదల చేసింది.
>
> జెన్‌కిన్స్: కొత్త కోడ్ చేరిన ప్రతిసారీ దాన్ని తానే పరీక్షించి చూసేది. కోసుకే కవాగుచి తయారుచేసిన ‘హడ్సన్’కు 2011లో వచ్చిన కొత్త పేరు.
>
> స్లాక్, టీమ్స్: బృందం మాట్లాడుకునే చోట్లు.

ఇప్పుడు ఏం మారుతోంది?

గిట్‌హబ్ 2021లో ‘కోపైలట్’ను పరిచయం చేసినప్పుడు అది పక్కన కూర్చుని వరస పూర్తిచేసే సహాయకుడు మాత్రమే. 2025 మే నెలలో వచ్చిన ‘కోడింగ్ ఏజెంట్’ అంతకు మించినది. బృందంలో ఒకరికి పని అప్పగించినట్టే దానికీ టికెట్ అప్పగించవచ్చు. అది తనంతట తాను కోడ్ రాసి, పరీక్షించి, పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. పని అప్పగించిన మనిషే దాన్ని ఆమోదించడానికి వీల్లేదనీ, ఇంకొకరు చూసి ఒప్పుకోవాలనీ గిట్‌హబ్ నిబంధన పెట్టింది. ఆ ఒక్క నిబంధనలోనే రాబోయే కాలపు ఉద్యోగం ఎలా ఉంటుందో కనిపిస్తోంది.

అదే ఏడాది ఆగస్టులో గిట్‌హబ్ సీఈవో థామస్ డోంకే తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ స్థానంలో మరొకరిని పెట్టకుండా సంస్థను మైక్రోసాఫ్ట్ తన కృత్రిమ మేధ విభాగంలో మరింత గట్టిగా కలుపుకుంది. సెప్టెంబర్‌లో అట్లాసియన్ మరో కబురు చెప్పింది. కంపెనీలు తమ సొంత సర్వర్లలో పెట్టుకునే జిరా ‘డేటా సెంటర్’ వెర్షన్లను 2029 మార్చి నాటికి ముగించి, అందరినీ క్లౌడ్‌కు తరలిస్తామన్నది దాని సారాంశం. సొంత సర్వర్ల మీద సొంత పెత్తనం ఉండాలనుకునే సంస్థలకు ఇది పెద్ద నిర్ణయమే.

తమ కోడ్‌లో కొన్ని ప్రాజెక్టులలో 20 నుంచి 30 శాతం వరకు సాఫ్ట్‌వేరే రాస్తోందని నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో చెప్పారు. ఈ మాట విన్న విద్యార్థి తల్లిదండ్రులకు గుండెలో రాయి పడుతుంది. లక్షలు పోసి చదివించిన బీటెక్ ఏమవుతుందోనని భయం. అయితే లెక్కలు ఒకే వైపు లేవు. ‘మీటర్’ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకు 246 పనులు ఇచ్చి చూసింది. ఏఐ సాయంతో తాము 20 శాతం వేగంగా చేశామని వాళ్లు నమ్మారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. యంత్రం రాసినదాన్ని చదివి, సరిచేసి, నమ్మకం కుదుర్చుకోవడానికి సమయం ఖర్చవుతోంది. స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో 84 శాతం డెవలపర్లు ఏఐ పనిముట్లు వాడుతున్నామనో, వాడబోతున్నామనో చెప్పారు. వాటి కచ్చితత్వాన్ని నమ్మడం లేదన్నవాళ్లు అదే సర్వేలో 46 శాతం. వాడకం పెరిగింది, నమ్మకం పెరగలేదు.

ఒక రాత్రి, ఒక ఆదేశం

పనిముట్టు ఎంత గొప్పదైనా దాని వెనక అలసిపోయే మనుషులుంటారు. దీనికి 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో జరిగినదే సాక్ష్యం. డేటాబేస్ మీద ఆ రోజు విపరీతమైన భారం పడింది. అసలు సర్వర్‌కు నకలుగా ఉన్న రెండో సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని దారికి తేవడానికి ఒక ఇంజినీర్ గంటల తరబడి పోరాడుతున్నాడు. పొద్దుపోయింది, ఇక పని చాలించాలనుకుంటున్న సమయం. నకలు సర్వర్‌లోని పాత డేటాను తీసేసి మళ్లీ మొదలుపెడదామని తొలగించే ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు క్షణాల్లోనే తెలిసింది, అది నకలు సర్వర్ కాదు, అసలుదని. వెంటనే ఆపాడు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రం మిగిలింది.

బ్యాకప్‌లు ఉన్నాయి కదా అనుకున్నారు. వెతికితే ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. బ్యాకప్ విఫలమైతే హెచ్చరించాల్సిన ఈమెయిళ్లు కూడా గమ్యం చేరడం లేదని అప్పుడే బయటపడింది. పరీక్షల కోసం ఆరు గంటల ముందు ఎవరో తీసిపెట్టిన ఒక నకలు మాత్రం దొరికింది. అది దొరకడం కేవలం అదృష్టం. దాని నుంచే సైట్‌ను నిలబెట్టారు. విద్యార్థులు, కంపెనీలు దాచుకున్న కోడ్ భద్రంగానే ఉంది గానీ, ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5 వేల ప్రాజెక్టుల వివరాలు, 5 వేల వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

తర్వాత గిట్‌ల్యాబ్ చేసినది మెచ్చుకోదగ్గ పని. తప్పును దాచలేదు. మరమ్మతు జరుగుతుండగానే యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఏ నిమిషంలో ఏం జరిగిందో అందరూ చదివేలా బయటపెట్టింది. ఆ ఇంజినీర్‌ను బలిచేయలేదు. నివేదికలో పేరు కూడా రాయలేదు. తప్పు ఒక్క వేలిది కాదు, పరీక్షించని బ్యాకప్‌లదీ, రెండు సర్వర్లకూ తేడా తెలియనివ్వని ఏర్పాటుదీ అని తేల్చింది. తప్పు దొరికితే మొదట ‘ఎవరు’ అని అడిగే మన ఆఫీసుల్లో, కాలేజీల్లో ఈ నివేదిక పాఠంగా పెట్టదగ్గది.

అదే గుణపాఠం తర్వాత కూడా ఎదురైంది. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ నడిపిన ఒక తొలగింపు కార్యక్రమం పొరపాటున 775 మంది ఖాతాదారుల సైట్లను తుడిచిపెట్టింది. కొందరికి దాదాపు రెండు వారాలు జిరా లేకుండానే గడిచింది. 2025 జూలైలో రెప్లిట్ వేదికపై పనిచేస్తున్న ఏఐ ఏజెంట్, ఏ మార్పూ చేయవద్దని చెప్పినా వినకుండా వినియోగదారుడి డేటాబేస్‌ను తొలగించింది. ఆ సంస్థ సీఈవో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మనిషైనా యంత్రమైనా, అసలు సర్వర్ మీద ఒంటరిగా వదలకూడదు.

మడికొండలో కూర్చుని

హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న వరంగల్‌కు ఐటీ రావడమంటే ఒకప్పుడు కలే. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరి 7న టెక్ మహీంద్రా, సైయంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. రెండు నెలలు తిరగకుండానే కరోనా వచ్చింది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ల్యాప్‌టాప్‌లతో హనుమకొండకు, పరకాలకు, నర్సంపేటకు తిరిగొచ్చారు. ఊళ్లో ఇంటి మేడ మీద కూర్చుని అమెరికా క్లయింటుకు కోడ్ పంపారు. ఆ రెండేళ్లూ పని ఆగకపోవడానికి ఇంటర్నెట్ ఒక్కటే కారణం కాదు. ఎవరు ఎక్కడున్నా ఒకే రెపోలో (కోడ్ గిడ్డంగిలో), ఒకే టికెట్ల జాబితా మీద పనిచేయగలిగిన ఏర్పాటు అప్పటికే సిద్ధంగా ఉంది. 2023 అక్టోబర్‌లో క్వాడ్రంట్ సంస్థ కూడా మడికొండకు వచ్చింది.

ద్వితీయ శ్రేణి నగరానికి ఈ పనిముట్లు ఇచ్చిన అసలు బలం ఇదే. ఆఫీసు ఎక్కడుందన్నది వెనక్కి వెళ్లి, పని కనిపిస్తోందా లేదా అన్నది ముందుకొచ్చింది. సుబేదారిలోని అమ్మాయి పెట్టిన పుల్ రిక్వెస్ట్‌ను సియాటిల్‌లోని ఇంజినీర్ చదివేటప్పుడు ఆమె ఏ కాలేజీ, ఏ మీడియం అన్నది అడగడు. కోడ్ సరిగా ఉందా, వివరణ అర్థమవుతోందా అన్నదే చూస్తాడు. గిట్‌హబ్ 2025 నివేదిక ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే 50 లక్షలమందికి పైగా భారతీయ డెవలపర్లు అందులో చేరారు. మరే దేశం నుంచీ అంతమంది చేరలేదు.

> తెలుగు కోసం, అందరూ చూసేలా
>
> హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకోగల ఆపరేటింగ్ సిస్టంపై పనిచేసింది. కాలేజీల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ శిబిరాలు నడుపుతోంది.
>
> సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఆ ఫాంట్ల గిడ్డంగి ఉన్నది గిట్‌హబ్‌లోనే. అక్షరంలో లోపం కనిపిస్తే ఎవరైనా అక్కడ చెప్పవచ్చు, చేతనైతే సరిచేసి పంపవచ్చు.

‘అన్నా, ఇది తప్పు’

బృందపు పనిలో కష్టమైన భాగం సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఇంకొకరి కోడ్ చదివి, ‘ఇక్కడ తప్పుంది’ అని చెప్పడంలో ఉంది. అదే కోడ్ రివ్యూ. మన తరగతి గదుల్లో ప్రశ్న అడగడమే పొగరుగా లెక్క. సీనియర్‌ను ‘అన్నా’ అని పిలిచిన నోటితో ‘అన్నా, మీ లాజిక్ పనిచేయదు’ అనడానికి మనసు రాదు. అందుకే చాలామంది కొత్తవాళ్లు చదవకుండానే ‘అప్రూవ్డ్’ అని నొక్కేస్తారు. తమ కోడ్ మీద పది వ్యాఖ్యలు వస్తే పరువు పోయినట్టు కుంగిపోతారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో బెరుకు. తప్పు కనిపిస్తుంది, దాన్ని ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కల్లో రాయడానికి చెయ్యి రాదు.

ఈ బెరుకు ఖరీదు చిన్నది కాదు. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలో ఉన్న ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లుగా దాదాపు ఒక్క మనిషే, లాసె కొలిన్, జీతం లేకుండా చూసుకునేవారు. అలసిపోయిన ఆయనకు ‘జియా టాన్’ పేరుతో ఒకరు సాయం చేయడానికి వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించారు. చివరికి దొంగదారి తెరిచే కోడ్‌ను అందులో కలిపారు. 2024 మార్చి నెలాఖరులో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వకపోతే అది ఎన్ని దేశాల కంప్యూటర్లకు చేరేదో! భద్రతా వ్యవస్థలేవీ పట్టుకోలేదు. ‘ఇదెందుకిలా ఉంది?’ అని ఆగి అడిగిన మనిషి పట్టుకున్నాడు. ఆ ప్రశ్న నేర్పనంతకాలం ఏ పనిముట్టు కొనిచ్చినా వృథాయే.

కాలేజీలు ఎక్కడున్నాయి?

వరంగల్‌కు చదువుల కొరత లేదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయింది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఉంది. 1980లో మొదలైన కిట్స్‌తో పాటు ప్రైవేటు కాలేజీలు నగరం చుట్టూ ఉన్నాయి. ఎన్‌ఐటీలో వెబ్, సాఫ్ట్‌వేర్ పనుల కోసం విద్యార్థుల బృందమే ఉంది. అటువంటి బృందాల్లో ఏటా పాతవాళ్లు పట్టా తీసుకుని వెళ్లిపోతారు, కొత్తవాళ్లు చేరతారు. వెళ్లినవాళ్ల ఆలోచన కోడ్ చరిత్రలో లేకపోతే వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కంపెనీలో జరిగేదీ ఇదే.

జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో ఈ పనిముట్ల వాడకం నేర్పే డెవ్‌ఆప్స్ సబ్జెక్టుగా చేరింది. మంచిదే. కానీ సబ్జెక్టుగా చదివితే మార్కులొస్తాయి, అలవాటు రాదు. గిట్ ఆదేశాలు బట్టీపట్టి ల్యాబ్ రికార్డు రాసిన విద్యార్థి అదే సెమిస్టర్ ప్రాజెక్టు కోడ్‌ను వాట్సాప్‌లో పంపుతున్నాడు. కొందరైతే ప్రాజెక్టునే కొనుక్కుంటున్నారు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టుల వ్యాపారం ఎవరికీ తెలియని రహస్యం కాదు. కొన్న ప్రాజెక్టు డెమోలో నడుస్తుంది, వైవాలో రెండు ప్రశ్నలకు నిలుస్తుంది. దానికి లేనిది చరిత్ర ఒక్కటే. ఏ రోజు ఏ తప్పు చేశారో, ఎలా సరిదిద్దుకున్నారో చూపే కమిట్లు అందులో ఉండవు. ఇప్పుడు ఏఐ ఒక్క రాత్రిలో ప్రాజెక్టు మొత్తం రాసిపెడుతోంది గనుక, విద్యార్థి నేర్చుకున్నాడా లేదా అని తేల్చడానికి ఆ చరిత్రను మించిన ఆధారం అధ్యాపకుడి చేతిలో లేదు.

దీనికి కొత్త భవనాలు, కొత్త బడ్జెట్లు అక్కర్లేదు. గిట్ ఉచితం. గిట్‌హబ్ 2020 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రెపోలను బృందాలకూ ఉచితంగా ఇస్తోంది. విద్యార్థులకు ప్రత్యేక ప్యాక్ 2014 నుంచే ఉంది. బయటి సంస్థ మీద ఆధారపడటం ఇష్టం లేని కాలేజీ, గిట్‌ల్యాబ్‌ను తన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. కావలసింది విభాగాధిపతులు తీసుకోవాల్సిన రెండు మూడు నిర్ణయాలు. ప్రాజెక్టు బ్యాచ్‌లు ప్రకటించిన రోజే ప్రతి బ్యాచ్‌కూ ఒక రెపో తెరిపించాలి. మార్కుల్లో కొంత భాగం ఆ రెపో చరిత్రకు, ఇంకొంత భాగం పక్క బ్యాచ్ కోడ్ చదివి రాసిన రివ్యూలకు కేటాయించాలి. రివ్యూ తెలుగులో రాసినా తీసుకోవాలి, ఇంగ్లిష్ తర్వాత అదే వస్తుంది. ఏఐ వాడితే ఎక్కడ వాడారో కమిట్‌లోనే రాయమనాలి, దాచమనకూడదు. వరంగల్‌లోని ప్రతి సీఎస్‌ఈ, ఎంసీఏ విభాగం వచ్చే విద్యాసంవత్సరం మొదటి వారంలోనే ఈ పని మొదలుపెట్టాలి.